చుక్కల గీత లేని గడి

ఎవరేం చేసినా "ఎందుకు?" అని అడిగేవాడు కాబట్టి ఆఫీసులో ఆయనకు ఎందుకుగారనే పేరు స్థిరపడింది. సాఫ్ట్‌వేర్ కట్టేటప్పుడు ప్రతి నిర్ణయాన్నీ తెరమీద గడిగా గీసి, కాదనుకున్న దారుల్ని పక్కనే చుక్కల గీతలతో చూపించేవాడు. చుక్కల గీత లేని గడికి కంప్యూటర్ ఎర్ర గుర్తు పెట్టేది. పెళ్ళైన కొత్తలో ఇంట్లో పని చేసుకుంటుంటే, భార్య ఆయన భుజం మీదుగా తొంగిచూసి, "నన్నెందుకు చేసుకున్నారో గీయండి చూద్దాం" అంది. గీశాడు. ఎర్ర గుర్తు పడింది. "అయ్యో, తప్పట!" అని ఆమె పగలబడి నవ్వింది. "ఇంకో దారే తోచలేదు మరి" అన్నాడాయన, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుంటూ.

రిటైరయ్యే రోజున ఆయన గీసిన పాత పటాలు అప్పగింతకు తీసుకుంటున్న కొత్త ఉద్యోగి, ఓ అమ్మాయి, ఎర్ర గుర్తున్న ఆ పెళ్ళి గడి దగ్గర ఆగింది. "సార్, ఈ తప్పు దిద్దేయనా?"

"వద్దమ్మా, అలాగే ఉండనీ."

"ఎందుకు సార్?"

ఇన్నేళ్ళూ అందర్నీ ఆ మాటే అడిగిన మనిషి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ గడిని ఎర్ర గుర్తుతో సహా ఆమెకు అప్పగించాడు.