తీసెయ్యక్క

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. తీసెయ్యక్క అంటేనే తెలుస్తుంది. కారు ఇంకాస్త వేగంగా పోవాలని ఎవరొచ్చి అడిగినా ఆవిడ నోట ముందుగా వచ్చే మాట అదే. వెనక సీటా? తీసెయ్. కింద తివాచీ, దాని కింద తారు పొర? గీకి తీసెయ్. డిక్కీలో స్టెప్నీయా? పందెంలో పంక్చరైతే ఎలాగూ ఓడిపోతావు, తీసెయ్. డబ్బున్నవాడు వేగాన్ని కొని తగిలించుకుంటాడు, లేనివాడు అడ్డమున్నది తీసేసుకోవాలన్నది ఆవిడ సిద్ధాంతం.

ఆ సిద్ధాంతానికి రెండో సగం కూడా ఉంది. "ప్రాణం కాసేదాన్ని మాత్రం ముట్టుకోకు" అనేది. కానీ జనానికి ఏ మంచి మాటైనా తమకు పనికొచ్చేంతవరకే చెవికెక్కుతుంది. ఆవిడ సొంత తమ్ముడికి అదీ ఎక్కలేదు.

వీధి చివర రేకుల షెడ్డు ఆవిడది. వారమంతా ఊళ్ళోవాళ్ళ కార్లకి బ్రేకులు బాగుచేసి, చక్రాలు సరిచూసి బతికేది. తమ్ముడు బేకరీ వ్యాను తోలేవాడు. ఇద్దరూ కలిసి తుక్కులోంచి ఒక చిన్న కారు తెచ్చుకున్నారు. ఎత్తు కనిపిస్తే దగ్గే ఇంజను. చిన్న కార్ల పందెంలో ఇంజను జోలికి పోకూడదని నియమం కాబట్టి, మిగతాదంతా అక్క చేతుల్లోనే ఉండేది. లోపలున్న సామానంతా పీకి పారేసింది. బ్రేకు చక్రాన్ని పట్టుకుని ఈడుస్తుంటే విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించింది. బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టింది. ఇవన్నీ అయ్యాక డ్రైవరు పక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి, లోపలి ఇనుప గొట్టాన్ని పట్టుకుని, కారును ఒక్క నెట్టు నెట్టేది. అది ఆగిన చోట నేల మీద సుద్దతో గీత గీసేది. ఆ గీత ముందుకు జరిగిందంటే ఖర్చు లేకుండా వేగం వచ్చినట్టే.

ఆ గొట్టం ఆవిడే అతికింది. పక్కనుంచి ఇంకో కారు వచ్చి గుద్దితే డ్రైవరు పక్కటెముకలకి అడ్డుండేది అదొక్కటే. నిరుడు పందెంలో, ఊళ్ళో పాలు పోసే ఆయన కారు డొక్కలోకి ఇంకొకడు దూసుకొస్తే, అలాంటి గొట్టమే వంగి ఆయన్ని నడిపించి ఇంటికి పంపింది.

అసలు గొడవ కారు ఎడమకి లాగుతోందని తమ్ముడు అన్న రోజు మొదలైంది. పాత విమానాల మైదానంలో పందెం దారి మీద అక్క తానే ఒక చుట్టు తోలి చూసింది. మేనమామ ఊరికే ఉండలేక చేతిగడియారం పట్టుకుని టైము చూశాడు. తర్వాత తమ్ముడు తోలినప్పుడూ చూశాడు.

"ఒరేయ్, నీకంటే అక్కే ముందొచ్చిందిరా!"

"నీ వాచీ పాడైంది మామయ్యా."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది వ్యవహారం. మామయ్య మళ్ళీ టైము చూస్తే మళ్ళీ అదే తేలింది. అప్పుడు తమ్ముడు తన పొట్ట నిమురుకుని, "అక్క పుల్లలా ఉంటుంది, నేను బరువు. తేడా అదే, తోలడంలో కాదు" అన్నాడు.

"అయితే పొట్ట తీసెయ్యరా!" అని మామయ్య పగలబడి నవ్వాడు. తమ్ముడి మొహం మాడిపోయింది.

ఆ ఊపులో అక్క అడిగింది, "ఆఖరి పందెం నేను తోలనా?" అని. గెలిచినవాళ్ళకి క్లబ్బువాళ్ళు వచ్చే ఏడాదికి కొత్త కారు ఇస్తామన్నారు.

"నువ్వు తోలితే నట్లు ఎవరు బిగిస్తారే?" అన్నాడు తమ్ముడు.

ఆవిడ పాన తీసుకుని చక్రం దగ్గర కూర్చుంది. కానీ ఆ మాట ముల్లులా దిగింది. పాన పట్టుకున్నప్పుడల్లా గుర్తొచ్చి ఒళ్ళు మండేది. తుక్కులో పడున్నదాన్ని పరుగెత్తించింది ఎవరు? చేతులు కాలినది ఎవరికి? కప్పు పట్టుకుని ఫొటో దిగినది ఎవరు? నట్లు బిగించేదట!

పందెం రోజు పొద్దున మైదానంలో కార్లన్నీ వరస కట్టాయి. ముందురోజు సాయంత్రమే తనిఖీవాళ్ళు కారు చూసి సరేనన్నారు. తమ్ముడు బెల్టులు బిగించుకుని కూర్చున్నాడు. అలవాటు కొద్దీ అక్క కిటికీలోంచి చెయ్యి పెట్టింది, గొట్టం పట్టుకుని ఒక నెట్టు నెడదామని.

చేతికి గొట్టం తగల్లేదు.

తడిమి చూసింది. గొట్టం ఉండాల్సిన చోట కోసేసిన మొండి తగిలింది. చెయ్యి బయటికి తీస్తే అరచేతికి నల్లరంగు అంటుకుని ఉంది. తనిఖీ అయ్యాక కోసి, కోసిన చోటు తెల్లగా మెరవకుండా రంగు పూశాడు మహానుభావుడు. ఆ రంగు ఇంకా ఆరనైనా లేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి.

"గొట్టం ఏదిరా?"

"తీసేశాను." తమ్ముడు ముందుకే చూస్తూ అన్నాడు. "నువ్వేగా ఎప్పుడూ అనేది, తీసెయ్ తీసెయ్ అని. ఇప్పుడు నీ బరువూ నా బరువూ సమానం. ఎవడి వాచీ చూసుకున్నా సరే."

"దిగు."

"ఆఖరి పందెమక్కా! జెండా ఊపబోతున్నారు."

"ఎవడైనా పక్కనుంచి గుద్దితే ఏమవుతుందో తెలుసా నీకు? దిగరా!"

"నీ కుళ్ళు నాకు తెలుసులే. నిన్ను తోలనివ్వలేదని కదా ఇదంతా?"

చుట్టూ ఉన్నవాళ్ళు వినేలా అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆ నవ్వుకి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళకి ఇంకా కోపం వచ్చింది. నిజమే, తోలాలని ఉంది. చెప్పలేనంత ఉంది. ఇప్పుడు ఏం చేసినా కుళ్ళుతోనే చేసిందంటారు. అంటే అననీ!

పందెం కార్లలో స్టీరింగు ఒక్క మీట నొక్కితే ఊడొస్తుంది, డ్రైవరు తొందరగా దిగడానికి. ఆవిడ కిటికీలోంచి వంగి, మీట నొక్కి, స్టీరింగు ఊడలాక్కుంది. నాలుగడుగులు వేసి, అక్కడ పడున్న టైరు మీద కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"తీసెయ్యడమంటే ఇదీ!" అని అరిచింది.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు స్పేరు పార్టుల కొట్టాయన. తళతళలాడే మూతలూ స్టిక్కర్లూ అంటగడతాడని ఆయన్ని అందరూ తళుకు అంటారు. "అమ్మా, తలుపు మీద మా కొట్టు స్టిక్కరు కొంచెం వంకరగా ఉంది, సరిచేసుకోనా?" అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు!

"పైన పటారం, లోన లొటారం! స్టిక్కరు కాదయ్యా, దాని వెనకేముందో చెయ్యి పెట్టి చూడు!" అని విరుచుకుపడింది. ఆయన జడిసి వెనక్కి తగ్గాడు. చెయ్యి పెట్టింది మామయ్య. నల్లబడ్డ వేళ్ళు చూసుకున్నాడు, మేనల్లుడి మొహం చూశాడు. ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కమాడే మనిషి చేతిగడియారం తీసి జేబులో వేసుకున్నాడు.

జెండా ఊపారు. కార్లన్నీ వెళ్ళిపోయాయి. స్టీరింగు లేని కారులో, బెల్టులు కట్టుకుని, తమ్ముడు అలాగే కూర్చుండిపోయాడు. ఆ పందెంలో ఎవరూ ఎవరినీ గుద్దుకోలేదు. ఒక్క గీత పడకుండా అందరూ తిరిగొచ్చారు. "చూశావా, ఏమైంది?" అన్నట్టు తమ్ముడు ఆవిడకేసి చూశాడు. ఆవిడ పక్కన ఉమ్మేసింది.

చాలా రోజులు అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు. తీసెయ్యక్క తమ్ముడి నోటి దగ్గర కూడు తీసేసిందని వీధి వీధంతా అనుకుంది. ఆవిడ విని, విననట్టు పాన తిప్పుకుంటూ ఉండేది.

ఒకరోజు పొద్దున షెడ్డు తెరిచేసరికి గుమ్మంలో తమ్ముడు ఉన్నాడు. భుజం మీద కోసేసిన గొట్టం. ఆవిడ దాన్ని లాక్కుని లోపలికి నడిచింది. కారు దగ్గరికి వెళ్ళి చూస్తే డ్రైవరు సీటు ముందుకు జరిపి బిగించి ఉంది. తమ్ముడి కాళ్ళకి అంత ముందుకు అక్కర్లేదు. నట్లు గట్టిగా ఉన్నాయో లేదోనని ఒకటి కదిపి చూసింది. ఉన్నాయి.

"ఎవరు బిగించారు?"

"నేనే, రాత్రొచ్చి. తాళం నా దగ్గరా ఉందిగా." తమ్ముడు నేల చూపులు చూశాడు. "మామయ్య వాచీ బాగానే ఉందక్కా."

"ఆ ముక్క చెప్పడానికి గొట్టం కోసుకోవాలిట్రా నువ్వు?" ఆవిడ గొట్టాన్ని విసురుగా మొండికి ఆనించింది. "పట్టుకో. కదిలావంటే చెయ్యి కాలుతుంది."

అని వెల్డింగు ముసుగు దించుకుని, గొట్టం అతకడం మొదలుపెట్టింది.