హాస్టల్లో మిగిలిన మందు

జువాలజీలో డిగ్రీ చేసి నల్లులు చంపే కంపెనీలో చేరుతున్నానంటే మా అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నిజానికి నేను చేరింది ఆఫీసులో ఫోన్లు ఎత్తే పనికి. అప్పటికే చెన్నైలో ఏ వీధిలో చూసినా ఆడపిల్లల హాస్టళ్లు వెలిశాయి. మందు కొట్టడానికి మగవాళ్లు వస్తే అమ్మాయిలు గది తలుపులు తీయరు. "ఆడవాళ్లెవరైనా ఉంటే పంపండి" అని వార్డెన్లు అడిగే ఫోన్లన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఏడాది గడిచాక, నేనే వెళ్తానని మా టెక్నికల్ సారుతో చెప్పాను.

కంపెనీకి లైసెన్సు వచ్చింది ఆయన చదువు మీదే. పెద్దాయన, తమిళాయన, వ్యవసాయ శాస్త్రం చదివినవాడు. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. నన్ను శిక్షణకు పంపాడు. లేబుల్ చదవడం, మందు కొలవడం, మాస్కు ముఖానికి బిగుతుగా పట్టిందో లేదో చూసుకోవడం, ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి మళ్లీ ఎవరూ వాడకుండా చిల్లులు పొడవడం, అన్నీ నేర్పారు. మందును వేరే సీసాలోకి, అందులోనూ తాగే వాటి సీసాలోకి, పోయకూడదని మొదటి రోజే చెప్పారు. చివర్లో పెట్టిన పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసింది తెలియక చేసింది కాదు.

మేముండేది వ్యాసర్పాడిలో, ఒకే మేడ మీద మూడు కాపురాలు. పక్క వాటాలో అత్త, మామ ఉండేవారు. చుట్టరికం ఏమీ లేదు. మా అమ్మ క్యాంటీన్ పనికి వెళ్తే బడి నుంచి వచ్చిన నాకు అన్నం పెట్టింది అత్తే, అందుకని ఆ పిలుపు. వాళ్లకు పిల్లలు లేరు. మామ పెరంబూరు వైపు చిన్న చిన్న షాపుల్లో వెల్డింగు చేసేవాడు. ముప్పై ఏళ్లు ఆ పొగ పీల్చి ఉబ్బసం తెచ్చుకుని పని మానేశాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఇన్‌హేలర్ ఉండేది.

ఒకరోజు మెట్ల మీద అత్త నన్ను ఆపింది.

"ఏమ్మే, ఊరంతా మూట్టపూచ్చికి మందు కొడతావు. ఈడ మీ మామ వీపు గోక్కుంటా కూర్చోనుండాడు. మాకు మాత్రం కొట్టవా?"

నల్లిని వాళ్లింట్లో తమిళంలో మూట్టపూచ్చి అనే అంటారు.

"ఆఫీసులో చెప్పి వస్తాలే అత్తా. మామకి ఉబ్బసం కదా, ఆ రోజు మీరిద్దరూ పొద్దుగూకేదాకా బయట ఉండాల."

"అంతసేపు ఏడికి పోతాము? మిగిలింది కొంచెం తెచ్చియ్యి, చాలు. నేనే పూసుకుంటా."

కుదరదన్నాను. మరుసటి వారం మళ్లీ అడిగింది. ఆ తర్వాత ఇంకోసారి.

ఒక శనివారం కోడంబాక్కంలో ఒక హాస్టల్ పనికి వెళ్లాను. పన్నెండు గదులన్నారు. గదులు చూడకుండానే పన్నెండింటికీ సరిపడా మందు కలిపేశాను. తీరా చూస్తే రెండు గదులకు తాళాలు, ఆ అమ్మాయిలు ఊరికి వెళ్లారు. పని అయ్యేసరికి ట్యాంకులో రెండు లీటర్లు మిగిలింది. మిగిలినదాన్ని ట్యాంకులోనే మూసి, చీటీ అంటించి ఆఫీసుకు తీసుకెళ్లి అప్పగించాలి. అప్పుడు ఎందుకు మిగిలిందో రాయాలి. చూడకుండా కలిపానని రాయడానికి నాకు మనసు రాలేదు. అత్త అడిగిన మాట గుర్తొచ్చింది. హాస్టల్ వెనక పడేసి ఉన్న లీటరు కూల్‌డ్రింకు సీసా ఒకటి తీసుకుని నిండా పోశాను.

ఆ సీసాలో పోసేటప్పుడు చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు, ముఖానికి మాస్కు అన్నీ ఉన్నాయి. అవన్నీ తగిలించుకుని ఆ పని చేశానని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, సంచిలో పెట్టుకుని, లోకల్ రైల్లో అంతమంది మధ్య కూర్చుని ఇంటికి వచ్చాను.

అత్తకు ఇచ్చేటప్పుడు చాలా జాగ్రత్తలు చెప్పాను. మంచం సందుల్లో మాత్రమే పూయాలి, పరుపు మీద వద్దు, ఉత్త చేతులకు తగలకూడదు, కిటికీలు తీసి పెట్టాలి, ఆరేదాకా ఇద్దరూ లోపలికి రాకూడదు. "సరి, సరి" అంటూ సీసా అందుకుంది. అంతకుముందే ట్యాంకుతో పాటు ఆఫీసులో దించి వచ్చిన మిగతా లీటరు గురించి ఎవరూ అడగలేదు.

మరునాడు ఆదివారం. మేము చర్చికి వెళ్లి వచ్చి, భోజనం చేసి పడుకున్నాం. మూడు గంటలప్పుడు అత్త మా తలుపు బాదింది.

మామ మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి కోసం తంటాలు పడుతున్నాడు. నన్ను చూసి ఏదో చెప్పబోయాడు. ఒక్క మాట కూడా పూర్తి కాలేదు. ఇన్‌హేలర్ చాలాసార్లు పీల్చినా లాభం లేకపోయిందని అత్త చెప్పింది. గదిలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మందు వాసన బయటికి పోతే పురుగులు చావవని ఆమే మూసింది. పొద్దున సీసా మొత్తం చీపురుతో మంచానికి, పరుపుకు, దిండుకు కూడా చల్లి, చేతులతో రుద్దింది. అన్నం తిన్నాక మామ అలవాటుగా దాని మీదే కునుకు తీశాడు.

కిటికీలు తీశాను. అమ్మా నేనూ మామను మెట్ల దగ్గరికి నడిపించి, ఆ పరుపు మీద నానిన చొక్కా విప్పి, సబ్బునీళ్లతో వీపు, మెడ తుడిచి వేరే చొక్కా తొడిగాం. అత్త ముంజేతులు ఎర్రగా కంది ఉన్నాయి. కుళాయి కింద సబ్బుతో కడుక్కోమని గట్టిగా కసిరాను. నేను ఆమెను కసరడం అదే మొదటిసారి. తర్వాత అత్త, మామ, నేను ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. మామకు ఆక్సిజన్ పెట్టించి, మా వైపు తిరిగి అడిగింది.

"ఎన్న మరుందు? ఏం మందు కొట్టారు?"

నేను నోరు తెరిచేలోపే అత్త తమిళంలో జవాబు చెప్పేసింది. వీధి దుకాణంలో కొన్నదట, పేరు తెలియదట, సీసా పారేసిందట. చెబుతున్నంతసేపూ నా వైపు చూడనే లేదు.

డాక్టరమ్మ టార్చితో మామ కళ్లు చూసింది. నర్సుతో ఏవో ఇంజెక్షన్ల పేర్లు చెబుతోంది. నేను అత్త వెనకే నిలబడి ఉన్నాను. మాట్లాడకపోతే నా మీదికి ఏమీ రాదు. మాట్లాడితే ఉద్యోగం పోవచ్చు, సారు లైసెన్సు మీదికి రావచ్చు. మహా అయితే పది సెకన్లు ఆగి ఉంటాను. ఆ పది సెకన్లలో నేనేమీ గొప్పగా ఆలోచించలేదు. అత్త చెప్పిన అబద్ధమే నిలిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"డాక్టర్, ఆ మందు నేనే ఇచ్చాను. నేను ఆ పనే చేస్తాను" అన్నాను.

ఆమె కోప్పడలేదు, చెయ్యి చాపింది. ప్రతి పనికీ ముందు డబ్బా లేబుల్‌ను ఫోటో తీసి ఆఫీసుకు పంపాలన్నది మా కంపెనీ పద్ధతి. ఫోనులో ఆ ఫోటో తెరిచి ఇచ్చాను. విషం తీవ్రతను తెలిపే నీలం త్రిభుజం, మందు పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో విరుగుడు గురించి రాసి ఉంది. ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాలను బట్టి వైద్యం చేయాలి. ఎంత నీళ్లలో ఎంత కలిపానో కూడా అడిగింది. చెప్పాను.

వాళ్ల దగ్గరికి ఎక్కువగా వచ్చేవి పొలం మందుల కేసులట. వాటికి ఇచ్చే ఇంజెక్షన్లు వేరు, ఈ రకానికి అవి పనికిరావు. పేరు తెలియకపోతే గుడ్డిగా మొదలుపెట్టాల్సి వచ్చేదని చెప్పి, నర్సుకు ముందు చెప్పిన ఇంజెక్షన్లు వద్దంది. మామకు నెబ్యులైజర్ పెట్టారు. ఇలాంటి కేసు పోలీసులకు తెలియజేయక తప్పదని కూడా చెప్పింది.

వరండాలో అత్త నా మీద విరుచుకుపడింది.

"నిన్నెవురు చెప్పమనింది? నేను చెప్పేసినా గదా! ఇప్పుడు కేసు పెడితే ఏం జేస్తావు?"

"ఆడ తప్పు ఇంజెక్షన్ వేసుంటే మామ గతేంది అత్తా?"

అత్త చేతులు ముందుకు చాపి, "మిరపకాయలు నూరినట్టు మండతా ఉండాయి" అంది. నర్సును అడిగి మళ్లీ కడిగించాను.

పోలీసాయన వచ్చి రాసుకున్నాడు. అప్పటికి మామ కొంచెం తేరుకున్నాడు. ఫిర్యాదేమీ లేదని ఆయనతో చెప్పి, నన్ను దగ్గరికి పిలిచాడు.

"వెల్డింగులో ఏమేం పీల్చినానో ఒక్కడన్నా నాకు చెప్పలేదు పాపా. దీని పేరన్నా తెలిసింది."

అది నన్ను ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

సోమవారం ఆఫీసు తెరవకముందే వెళ్లి గుమ్మం దగ్గర సారు కోసం నిలబడ్డాను. అంతా విన్నాడు. జరిగింది జరిగినట్టు రాసివ్వమన్నాడు. రాసింది చదివి ఒకే ప్రశ్న అడిగాడు.

"గదులు చూశాక కలిపావా, చూడకముందు కలిపావా?"

"చూడకముందే సార్."

"అక్కడ మొదలైంది" అన్నాడు. నన్ను మూడు నెలలు స్ప్రేయర్ ముట్టుకోవద్దన్నాడు. మళ్లీ ఫోన్ల దగ్గర కూర్చున్నాను. మిగిలిన మందును కొలిచి తీసుకునేటప్పుడు ఇద్దరు చూడాలని ఆ వారమే కొత్త పద్ధతి పెట్టాడు. అది నా వల్లేనని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

నాలుగో రోజు మామ ఇంటికి వచ్చాడు. అత్త మాత్రం కొన్ని వారాలు నాతో మాట్లాడలేదు. తాను అడ్డం నిలబడి కాపాడబోతే నేను తోసేసి ముందుకు వచ్చానని ఆమె బాధ. మా అమ్మతో మాట్లాడేది, నేను కనిపిస్తే లోపలికి వెళ్లిపోయేది. ఒకరోజు పొద్దున్నే తానే వచ్చింది.

"మూట్టపూచ్చి ఇంకా ఉండాయిమే. మీ ఆఫీసులో చెప్పు. యాడుండమంటే ఆడుంటాము."

మా కంపెనీ నుంచి వేరే అతను వచ్చాడు. ముందుగా డాక్టరును అడిగి రమ్మన్నాడు. పరుపు పారేయించాడు. దుప్పట్లు మరిగే నీళ్లలో వేయించి, మంచం విప్పించి మేడ మీద ఎండలో పెట్టించాడు. మందును చెక్కల సందుల్లోనూ గోడ పగుళ్లలోనూ మాత్రమే కొట్టాడు. గుడ్లు మిగిలి ఉంటాయి కాబట్టి రెండు వారాలకు మళ్లీ వస్తానన్నాడు. అత్త, మామ ఆ రోజంతా మా ఇంట్లోనే ఉన్నారు. మామ టీవీ చూశాడు. మా వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుండాలో అత్త మా అమ్మకు చెబుతూ గడిపింది.

మూడు నెలల తర్వాత సారే స్వయంగా నాతో ఒక హాస్టల్‌కు వచ్చాడు. మూడంతస్తులూ ఎక్కి ప్రతి గదీ తెరిపించి చూశాను. కిందికి వచ్చి కలిపాను. భయంతో తక్కువ కలిపినట్టున్నాను, చివరి రెండు గదులకు చాలలేదు. మళ్లీ కిందికి దిగి, గ్లవ్స్ సరిచేసుకుని, కొలిచి, ఆ రెండింటికీ సరిపడా కలిపి పైకి ఎక్కాను. సారు మెట్ల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఆలస్యమైందని అనలేదు. అన్నీ అయ్యాక ట్యాంకు మూత తీసి ఖాళీగా ఉందని చూసి, మిగిలిన మందు లెక్క రాసే కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు.