దిగడం నేర్పిన అత్త

మా మేనత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను తమిళనాడులో ధర్మపురి కలెక్టరాఫీసులో తాగునీళ్ల మీద జరుగుతున్న ప్రెస్‌మీట్‌లో ఉన్నాను. బయటికొచ్చి ఎత్తితే అవతల మామ. "పొద్దున కాఫీ ఇచ్చినాను, రెండు గుక్కలు తాగింది. లోటా కడిగి వచ్చి చూస్తే లేదురా," అన్నాడు. సేలం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకుని వారం కూడా కాలేదు. ఊపిరితిత్తులు పాడైపోయాయని డాక్టర్లు ముందే చెప్పారు కాబట్టి ఇది ఎదురుచూడని వార్త కాదు. నేను మళ్లీ లోపలికెళ్లి మిగతాది రాసుకుని, వార్త పంపించి, మొరప్పూర్ బస్సెక్కాను. పని సగంలో వదిలేసి వచ్చి ఉంటే ఆమె ఒప్పుకునేది కాదు.

ఆమెది బొమ్మిడి దగ్గర సేద్యం చేసుకునే తెలుగు ఇల్లు, అంటే మా ఇల్లే. వాయుసేనలో చేరి, అక్కడ పారాచూట్‌తో దూకే జట్టులోకి వెళ్లి, రిటైరయ్యాక మొరప్పూర్ పక్కన మామ పొలానికి వచ్చేసింది. అక్కడికి కొంచెం దూరంలో ఒక వ్యాపారి సొంత రన్‌వే వేసుకున్నాడు. శని, ఆదివారాల్లో హోసూరు నుంచీ, బెంగళూరు నుంచీ దూకేవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లకు ఆమె నేర్పింది దిగడం. "దూకేదానికేముంది, ఎనకనుంచి తోసేవాడుంటే నువ్వూ దూకతావు. దిగేది మాత్రం నేర్చుకోవాల," అనేది.

నేర్చుకోవలసిందేమిటో చెప్పాలి. మామూలు పారాచూట్ పెద్దది, నిదానంగా తెస్తుంది. కొంత అనుభవం వచ్చినవాళ్లు వేగం కోసం చిన్నదానికి మారతారు. ఆమె దాన్ని చిన్న గుడ్డ అనేది. దాని రెండు పిడుల్లో ఒకదాన్ని లాగితే చాలు, అది తిరుగుతూనే ముక్కు కిందికి పెట్టి దూసుకెళుతుంది. మళ్లీ సమంగా రావాలంటే దానికి ఎత్తు కావాలి. నేల దగ్గర ఆ ఎత్తు ఉండదు. నేరుగా వచ్చి, ఆఖర్న రెండు పిడులూ కలిపి తొడల దాకా లాగితే వేగం చచ్చిపోయి మనిషి నడుస్తూ నేల మీదికి వస్తాడు. ఎప్పుడు లాగాలన్నది కంటితోనే తెలుసుకోవాలి.

నేను మొదట వెళ్లింది వార్త కోసం. "చూసి రాస్తావా, చేసి రాస్తావా?" అని అడిగింది. చూసి రాస్తే చాలన్నాను. "అయితే ఆ కుర్చీలో కూర్చో. నీకు, కుర్చీకి ఒకే పని," అని వెళ్లిపోయింది. తర్వాతి వారం నేను పేరు ఇచ్చాను.

పెద్ద పారాచూట్‌తో చాలాకాలం దిగాక నన్ను చిన్నదానికి సిద్ధం చేసే రోజుల్లో, ఆమె నన్ను మామ మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని మట్టిరోడ్డు మీద పోనిచ్చింది. "చక్రం పక్కన నేలని చూడు," అంది. చూస్తే నేల కొట్టుకుపోతున్నట్టు ఉంది. "ఇప్పుడు ఆ కొండని చూడు." కొండని చూస్తే అదే బండి, అదే వేగం, రోడ్డు మెల్లగా వస్తోంది.

"తెలిసిందా? కింద చూసేవాడు భయపడి ముందే లాగేస్తాడు. దూరం చూసేవాడికి నేల తానే వచ్చి చెప్తుంది."

"ఏం చెప్తుంది అత్తా?"

"రారా పేపరోడా, కాళ్లు సిద్ధం చేసుకో, అంటుంది."

ఇంకో మాట చాలాసార్లు చెప్పేది: తల తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే గుడ్డ తిరుగుతుంది. మనిషి దేన్ని చూస్తే దాని మీదికే పోతాడని దానర్థం. చెట్టును తప్పించుకోవాలని చెట్టునే చూసేవాడు చెట్టుకే తగులుకుంటాడు. ఇది ఆమె కనిపెట్టింది కాదు, ఈ విద్య నేర్పే వాళ్లందరూ చెప్పేదే. కానీ దాన్ని నేర్పడానికి ఆమెకు సొంత పద్ధతి ఒకటి ఉండేది. దిగే గడ్డినేలకు తూర్పున చామంతి తోట ఉంది. తోట అంచున పెద్ద సేద్యపు బావి. చదరంగా తవ్వి, రాళ్లు కట్టి, మోకాలెత్తు గోడ పెట్టినది. చిన్న గుడ్డకు మారే ప్రతి మనిషినీ ఆమె ఆ గోడ దాకా నడిపించేది. లోపలికి వంగి చూడమనేది. "ఇది బాయి. తనివితీరా చూసుకో. పైకి పోయినాక దీని మొగం చూడొద్దు." ఆ తర్వాత బావికి వీపు పెట్టించి వెనక్కి తీసుకొచ్చేది. నేను ఇంకా మారకముందే నన్నూ అలాగే తీసుకెళ్లింది.

హోసూరు నుంచి ఒక ఇంజనీరు వచ్చేవాడు. తమిళుడు. ఆమె అతన్ని తమిళ పద్ధతిలో "ఇంజనీరే" అని పిలిచేది. అతను చిన్న గుడ్డ ముందే కొనుక్కుని వచ్చాడు. ఇప్పుడే కాదంది. మాట తీసేయకుండా, ఒక ఏడాది పైగా పెద్దదాంతోనే దిగాడు. తొందరపడ్డవాడు కాదు, పొగరు ఉన్నవాడూ కాదు. అతని గురించి ఎవరైనా అలా అంటే నాకు తెలిసింది వేరని చెబుతాను.

చిన్న గుడ్డతో అతను చాలాసార్లు బాగానే దిగాడు. ఆ రోజు గాలి కొంచెం తూర్పుకి తోసింది. అతను గడ్డి మీదికే వస్తున్నాడు, కానీ రోజూ కంటే బావికి దగ్గరగా. అత్త చేతిలో రేడియో ఉంది, అతని హెల్మెట్‌లో దాని మాట వినపడుతుంది. ఆమె తమిళంలో ఒక్క మాట అంది: బావిని చూడొద్దు. అతను బావి వైపు తిరిగాడు. గుడ్డ ముక్కు కిందికి పెట్టింది. రాతిగోడకు తగిలాడు. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

విచారణకు వచ్చినవాళ్లు నేలకు దగ్గరగా తిరగడమే కారణమని రాసుకుని వెళ్లారు. అది నిజమే. ఎందుకు తిరిగాడని వాళ్లు అడగలేదు. అత్త అడిగింది, నన్ను.

"ఊరందరి సంగతులూ కనుక్కొని రాస్తావే. నాకొకటి కనుక్కొని చెప్పు. నేను మాట్లాడకముందే తిరిగినాడా, మాట్లాడినాక తిరిగినాడా?"

"నువ్వు అక్కడే ఉంటివి గదా అత్తా. చూసింటావు."

"నేను బాయిని చూస్తా ఉంటిని," అంది.

ఆ క్షణాన అతని ముఖం చూసిన మనిషి ఒక్కరే ఉన్నారు. చామంతి తోట ఆమె, ఆ బావి సొంతదారు. భర్త పోయాక తోట ఆమే చూసుకునేది. నేను వెళ్లినప్పుడు పూలు కోస్తోంది. నన్ను చూసి బుట్ట దించి తమిళంలో చెప్పింది, దాన్ని తెలుగులో ఇస్తున్నాను.

"నేరుగా వస్తా ఉన్నాడు తంబీ. ముఖం గడ్డి వైపే ఉండింది. బాగా కనపడింది నాకు. అప్పుడు ఎవరో పిలిచినట్టు తల ఇటు తిప్పినాడు."

నేను మాటలు మార్చి మళ్లీ అడిగాను. మొదటి నుంచీ బావినే చూస్తున్నాడేమో, ఎండలో సరిగా కనపడలేదేమో అన్నాను. ఆమె కోపంగా, "పూలలో పురుగుని ఇక్కణ్ణించి చూస్తాను నేను. మనిషి ముఖం తెలీదా?" అంది. మళ్లీ అదే మాట చెప్పింది, ఎవరో పిలిచినట్టు. రేడియో సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. వచ్చేసేటప్పుడు వెనకనుంచి అడిగింది, "ఎవరు పిలిచి ఉంటారు తంబీ? పైన ఎవరున్నారు?"

అత్త వసారాలో వేరుశనక్కాయలు వలుస్తోంది. నేను ఎదురుగా కూర్చుని, తోటామె చెప్పింది చెప్పినట్టు చెప్పాను.

"ఎవరో పిలిచినట్టా? ఆ మాటే అనిందా?"

"ఆ మాటే అనింది."

"సరే."

చాటలో కాయలన్నీ అయిపోయేదాకా వలిచింది. పొట్టు చెరిగి లేచింది. "నువ్వు ఇంకో మాదిరి చెప్పింటే నమ్మేదాన్ని. నమ్మి అట్లే నేర్పిస్తా ఉందును," అంది. దాని గురించి మేమిద్దరం మాట్లాడుకున్నది అంతే.

ఆమె మానేస్తుందని మామ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. రన్‌వే మళ్లీ తెరిచిన మొదటి శనివారం ఆమె గడ్డిలో ఉంది. బావి దగ్గరికి నడిపించడం మాత్రం లేదు. దిగవలసిన చోట తన పాత పసుపు చీర పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. దాన్ని దాటి దూరంగా కొండ చూపించింది. "ముందు చీర, ఆనక కొండ. నీ కంటికి పని ఇదే." బావి మీద ఇనుప జాలీ వేయిద్దామని మామ అంటే, "పైనుంచి వచ్చేవాడికి అది ఇంకా బాగా కనపడుతుంది," అంది. తోటామెను అడిగి, బావి గోడకి ఇటువైపు ఆముదం మొక్కలు వేయించింది.

వద్దు అన్న మాటే ఆమె నోట్లోంచి పోయింది. రేడియోలోనే కాదు, ఇంట్లోనూ. పాలు ఒలకబోయొద్దు అనే మనిషి, గిన్నె నిటారుగా పట్టుకో అనడం మొదలుపెట్టింది. గుమ్మానికి తల కొట్టుకోవద్దు అనే బదులు, తల వంచుకుని రా అనేది. మామకు షుగరుంది. ఒకసారి నేను వెళ్లినప్పుడు నాతో మొర పెట్టుకున్నాడు.

"నలభై ఏండ్లు చక్కెర వొద్దు చక్కెర వొద్దు అని నన్ను సంపింది. ఇప్పుడు చేదు కాఫీ తాగు, చేదు కాఫీ తాగు అంటా ఉండాది. దానికన్నా ఇదే కష్టంరా."

"తాగితివా లేదా?" అంది అత్త లోపల్నుంచి.

"తాగితిని."

"మరి?"

ఆ తర్వాత ఆమె దగ్గర నేర్చుకున్న వాళ్లలో ఒక్కరు కూడా ఆ బావి వైపు పోలేదు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. ఇంజనీరు పోయాకే చిన్న గుడ్డకు మారాను. బావి అక్కడుందని నాకు తెలుసు, అయినా పైనుంచి నాకు కనపడింది చీర, కొండ. దిగిన ప్రతిసారీ ఆమె నా దగ్గరికి వచ్చి నా కాళ్ల వైపు చూసేది, ముఖం వైపు కాదు. కాళ్లు రెండూ నేల మీద ఉన్నాయని చూసుకుని వెళ్లిపోయేది. ఎవరికీ ఏమీ కాలేదు కదా అత్తా అని ఒకసారి అన్నాను. "సరే," అంది. ఆమె సరే అంటే ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

ఆమెకు తెలుగు లిపి చదవడం రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది తమిళం. నేను పని కోసం పెద్దయ్యాక నేర్చుకున్నాను. ఆమె ఉండగా ఇది రాసి ఉంటే కూర్చుని చదివి వినిపించాల్సి వచ్చేది, ఫలానాచోట పొగిడావు, కొట్టెయ్ అనేది. పొగడకుండానే రాశాననుకుంటాను.

ఆసుపత్రిలో చేర్చడానికి ముందు ఒక ఆదివారం తనని గడ్డి దగ్గరికి తీసుకెళ్లమని నన్ను అడిగింది. అప్పటికే నాలుగు మాటలంటే ఆయాసం. మామ, నేను కలిసి కారులో తీసుకెళ్లి, ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. సాయంత్రం అవుతోంది. ఆ రోజు ఆఖరి జట్టు అప్పుడే దిగింది. అందరూ షెడ్డులో కూర్చుని పారాచూట్లు మడుచుకుంటున్నారు, హెల్మెట్లు బల్ల మీద పెట్టేశారు. విమానం కూడా లోపలికి వెళ్లిపోయింది. రేడియో ఇమ్మని చెయ్యి చాపింది. ఇచ్చాను.

మీట నొక్కి, తల పైకెత్తి, తమిళంలో మెల్లగా మాట్లాడింది. "ఇంజనీరే, వచ్చినావా. బాగా వస్తా ఉన్నావు. చీర చూడు. ఆ... అట్లే. ఇప్పుడు కొండని చూడు. గాలి తోస్తాది, తోయనీ. నువ్వు కొండనే చూడు." ఆయాసం వచ్చి ఆగింది, మళ్లీ నొక్కింది. "నేనిక్కడే ఉండాను. కొండని చూడు."

మామ నా వైపు చూశాడు. నేను పైకి చూశాను. ఆకాశంలో ఏమీ లేదు. ఆమె చూపు మాత్రం చాలా పైనుంచి మొదలై, ఒక మనిషి రావడానికి పట్టేంతసేపూ, మెల్లగా కిందికి దిగుతూ వచ్చింది. తూర్పు వైపు ఒక్కసారి కూడా పోలేదు. గడ్డి దాకా వచ్చాక రేడియో ఒళ్లో పెట్టేసింది. రెండు చేతులూ భుజాల ఎత్తుకు లేపి, కలిపి, తొడల దాకా దించింది. చెప్పుల్లో ఆమె పాదాలు, కుర్చీలో కూర్చునే, మట్టి మీద ఒకదాని తర్వాత ఒకటి కదిలి ఆగాయి.