మా అత్త మిరప చేతులు

మా అత్త పోయిందన్న కబురు నాకు మిరప చేలో అందింది. మా ఆయన గట్టు మీద నిలబడి "అమ్మ పోయిందే" అన్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. కళ్ళు తుడుచుకోబోయి ఆగిపోయాను. పొద్దుటినుంచీ కాయలు కోసిన చేతులు. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, సబ్బుతో ఎంత కడిగినా ఆ ఘాటు పోదు. కారే కన్నీళ్ళను కారనిచ్చి ఇంటిదాకా నడిచాను. ఆ చేతుల్ని కంటికీ, పసిబిడ్డకీ తగలనివ్వకూడదని నాకు నేర్పింది ఆవిడే.

మాది పొదిలి దగ్గర పల్లె. చాలా ఏళ్ళ కిందట మా అమ్మాయి మిరప కోతల ముందు, తక్కువ బరువుతో పుట్టింది. చూడవచ్చినవాళ్ళు "నిలుస్తుందా?" అని నా ముఖం మీదే అనేవాళ్ళు. ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పింది: ముర్రుపాలు పట్టండి, ఆర్నెల్లూ తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దు, విరేచనాల బాధా, ఛాతీలో నెమ్మూ తగ్గుతాయి. తల్లికీ మంచిదేనట. కాన్పయ్యాక రక్తం పోవడం తగ్గుతుంది, ముందుముందు రొమ్ము క్యాన్సర్ భయమూ తగ్గుతుంది. నీరసంలో నేను సగమే విన్నాను. మా అత్త మొత్తం వింది. విని ఊరుకునే మనిషి కాదు. పక్కింటావిడ మా పిల్లకి ఆముదం చుక్క నాకించబోతే వాకిట్లోనే ఆపేసింది.

"నీ ఆముదం నీ జుట్టుకి రాసుకో. నా మనవరాలికి తల్లి ఉంది."

కోతలొచ్చాయి. కూలీలు దొరకడం లేదు, నేనూ చేలోకి వెళ్ళక తప్పదనుకున్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"నువ్వు కాయ ముట్టుకోబాకమ్మాయ్. ఆ చేత్తో రొమ్ము పట్టావంటే బిడ్డ నోరు మండిద్ది. మండితే తాగదు. తాగకపోతే నీకు పాలు ఇంకిపోతయ్. నీ సాలు కూడా నేనే కోస్తాలే."

ఆ కోతలన్నీ అలాగే కోసింది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. పిల్లని ఎత్తుకోవాలని ఎంత ఆశో! అయినా ముట్టుకునేది కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, పిల్ల తల వాసన చూసి మురిసిపోయేది. "తాగిందా?" అన్నదే ఆవిడ పలకరింపు. నేను తిన్నానా లేదా అన్నది ఆ తర్వాత సంగతి. నాకు ఉక్రోషం వచ్చేది.

"ముందు నన్ను అడగొచ్చుగా అత్తా!"

"నిన్నడిగితే అబద్ధమాడతావు. దాని బుగ్గలు ఆడవు."

బుగ్గలొచ్చాయి. జలుబులు రాలేదని చెప్పను, వచ్చాయి, పోయాయి. నిలుస్తుందా అన్నవాళ్ళే దించమన్నా దించకుండా దాన్ని ఎత్తుకు తిరిగారు. మా అత్త వాళ్ళను చూసి మూతి తిప్పుకునేది.

ఈ ఏడు మోకాళ్ళ నొప్పులతో ఆవిడ చేలోకి రాలేదు. మా అమ్మాయి కాన్పుకి వచ్చి కొడుకుని కన్నది. మునిమనవణ్ణి ఒళ్ళో పెట్టబోతే అలవాటుగా చేతులు వెనక్కి లాక్కుంది. తర్వాత అరచేతులు వాసన చూసుకుని నవ్వింది. "ఏం లేదులే, ఇటివ్వండి" అంది. ఆ రోజు ఆవిడ ఒళ్ళోంచి వాణ్ణి తీసుకోవడం మా ఎవరివల్లా కాలేదు, పాలకి తప్ప.

నేను ఇంటికొచ్చేసరికి ఆవిడని చాప మీద పడుకోబెట్టారు. లోపల పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. "ఏడ్చిన తల్లి పాలు పట్టకూడదు, డబ్బా పాలు కలపండి" అంటోంది ఒక పెద్దావిడ. మా అమ్మాయి వాణ్ణి భుజాన వేసుకుని బిక్కమొహంతో నన్ను చూసింది. చేతులు మజ్జిగతో కడుక్కుంటూ నేను మా అత్త గొంతుతోనే అన్నాను.

"డబ్బా ఎందుకు? వాడికి తల్లి ఉంది. ఇటొచ్చి మీ నాయనమ్మ పక్కన కూర్చుని పట్టవే."

అది కూర్చుంది. వాడి ఏడుపు ఆగింది. వాడు గుటకలు వేస్తున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. తాగుతూ తాగుతూ వాడు కాలు చాపాడు. ఆ చిన్న మడమ మా అత్త అరచేతికి ఆనుకుని, వాడు నిద్రపోయేదాకా అక్కడే ఉంది.