టైలరమ్మ గుమ్మం మీది కెమెరా

టైలరమ్మ గుమ్మం మీద బిగించింది ఉత్తుత్తి కెమెరా అనీ, దొంగల్ని జడిపించడానికి పెట్టిన ఖాళీ డబ్బా అనీ వీధంతా చెప్పుకుంటోంది. చెప్పుకునేవాళ్లకు నోరు నొప్పి పుట్టదు గానీ, సంగతి అది కాదు.

టైలరమ్మ చెల్లెలు కాజాలు కుట్టడంలో చెయ్యి తిరిగిన పిల్ల. నిరుడు నాలుగురోడ్ల కూడలిలో, నడిచేవాళ్ల పచ్చలైటు చూసుకునే దాటుతుంటే మందుల షాపాయన కారు వచ్చి గుద్దింది. "ఎర్రలైటులో అడ్డం పడింది" అన్నాడాయన పోలీసులతో. ఆయన షాపు కెమెరా చూసేది సరిగ్గా ఆ కూడలినే. టైలరమ్మ వెళ్లి బతిమాలింది.

"మీకు పుణ్యముంటుంది అన్నయ్యా, ఆ ఒక్క ముక్క చూపించండి."

"ఆ రోజు కెమెరా పనిచేయలేదమ్మా, ఏం చేస్తాం."

మర్నాడే దాన్ని ఊడదీయించేశాడు. కేసు మూతపడింది. చెల్లెలు ఇప్పటికీ కాలు ఈడుస్తుంది, మిషన్ తొక్కలేదు.

టైలరమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తనే ఓ కెమెరా కొని కూడలి వైపు తిప్పి బిగించింది. ఈయన మళ్లీ ఎర్రలైటు దాటకపోతాడా, దొరక్కపోతాడా అని కుడుతూనే కాచుకుంది. ఆ మహానుభావుడేమో మరో కేసు భయానికి బుద్ధిమంతుడైపోయాడు.

ఈమధ్య అక్కడే ఆయన కారూ, ఓ స్కూటరూ గుద్దుకున్నాయి. స్కూటరతను చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. "వీడికిది అలవాటేగా!" అని జనం మందుల షాపాయన్నే పట్టుకున్నారు. టైలరమ్మ వీడియో చూసింది. వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. ఎర్రలైటు దాటుకొచ్చింది స్కూటరతనే. తప్పు ఆయనది కాదు.

మర్నాడు ఆయన చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"అమ్మా, లైసెన్సు పోయేలా ఉంది. మీ కెమెరాలో నిజం ఉంటుంది..."

టైలరమ్మ పంటితో దారం తెంపింది.

"నిన్న కెమెరా పనిచేయలేదన్నయ్యా, ఏం చేస్తాం."

తన మాటే తనకు తిరిగొచ్చేసరికి ఆయన మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. తర్వాత పోలీసులు వస్తే, "దొంగల కోసం పెట్టిన ఉత్తుత్తి డబ్బా సార్" అంది. వీధిలోకి పాకింది ఆ మాటే. ఆయన లైసెన్సు పోయింది.

ఎదురింటి పెద్దమ్మకు ఇవేవీ మింగుడుపడలేదు. జాకెట్టు వదులు చేయించే నెపంతో వచ్చి కూర్చుంది.

"ఆయనకేమో పాడైందన్నావు, పోలీసులకేమో ఉత్తుత్తిదన్నావు. నా దగ్గర దాపరికమేమిటే? ఇంతకీ అది పనిచేసిందా, లేదా?"

టైలరమ్మ లోపల కాలు చాపుకుని కూర్చున్న చెల్లెలి వైపు ఒకసారి చూసి, సూదిలోకి దారం ఎక్కించింది.

"ఆ రోజు ఆయనది ఎంత బాగా పనిచేసిందో, నాదీ అంత బాగానే పనిచేసింది పెద్దమ్మా."