కుడి చెయ్యి, ఎడమ చెయ్యి

ఇరవై ఏళ్లు దాటింది. ఒక మాట నా గొంతులో అడ్డం పడి, లోపలికీ పోదు, బయటికీ రాదు. మావారికి చెప్పలేదు. మా అమ్మ పోయే ముందు ఆవిడకైనా చెబుదామనుకుని, మంచం పక్కన కూర్చుని, చివరికి మందులేసుకున్నావా అని అడిగి లేచొచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. సగంలో ఆగిపోతానేమోనని భయంగా ఉంది.

పోయిన వారం మా స్కూల్లో పేరెంట్స్ మీటింగు. ఒకావిడ వచ్చి నా ముందు కూర్చుంది. ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

నేను ఇంగ్లీషు టీచర్ని. ఏళ్ల తరబడి డీఎస్సీకి చదివి, ఇక రాదులే అని చుట్టాలంతా తేల్చేశాక వచ్చిన ఉద్యోగం. మొదటి పోస్టింగు భావనపాడు వైపు, సముద్రం దగ్గర ఒక హైస్కూల్లో. ఊరి పేరు అడక్కండి. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. అప్పుడు పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. హెడ్మాస్టరు గారు నా తొమ్మిదో తరగతినే చూపిస్తానన్నారు. పరువు నిలబెట్టమ్మా అన్నారు.

క్వశ్చన్ ట్యాగ్స్ పాఠం ఎంచుకున్నాను. చెప్పే మాట చివర తగిలించే చిన్న తోక అది. మనం "నువ్వొచ్చావు కదా" అంటే ఆ "కదా" లాంటిది. మనకి ఎక్కడైనా ఒక్క "కదా" సరిపోతుంది. ఇంగ్లీషులో ముందు మాటని బట్టి తోక మారాలి. నేను ముందు సగం అంటాను, పిల్లలు తోక అందుకుంటారు. చూసేవాళ్లకి క్లాసు జోరుగా ఉంటుంది. పిల్లలకి అవి వచ్చాయా అంటే, సగం మందికి రాలేదు.

అలాంటప్పుడు మా టీచర్లు చేసే పని ఒకటుంది. ఏ ట్రైనింగులోనూ చెప్పరు, అందరికీ తెలుసు. ప్రశ్న అడగ్గానే క్లాసంతా చెయ్యెత్తాలి. వచ్చినవాళ్లు కుడి చెయ్యి, రానివాళ్లు ఎడమ చెయ్యి. టీచరు కుడి చెయ్యెత్తినవాళ్లనే లేపి అడుగుతుంది. చూసేవాళ్లకి అందరూ సరస్వతీ పుత్రులే. నేనూ అదే నేర్పాను. ట్యాగుల కన్నా దాన్నే ఎక్కువ శ్రద్ధగా నేర్పానేమో!

ఆ క్లాసులో ఒక పిల్ల. నీలవేణి అనుకుందాం, అసలు పేరు కాదు. తండ్రి సముద్రం మీద చేపల వేటకెళ్లేవాడు. తల్లి చేపల గంప నెత్తినెట్టుకుని ఊళ్లు తిరిగేది. నీలవేణికి ట్యాగులన్నీ వచ్చు. ఆడుతూ పాడుతూ చెప్పేది. దాని రాతా, తిండీ, రాళ్లు విసరడం, అన్నీ ఎడమ చేత్తోనే. మా వైపు పుర్రచెయ్యి అంటారు. రోజూ చూస్తూనే ఉన్నాను, అయినా ఆ సంగతి నాకు తట్టలేదు.

ఆ రోజు ఆఫీసరు వెనక బెంచీ మీద కూర్చున్నారు. క్లాసు బ్రహ్మాండంగా నడుస్తోంది. కాసేపయ్యాక ఆయన లేచి, నేనడుగుతానమ్మా అన్నారు. ఎడమ చెయ్యి ఎత్తినవాణ్ని ఒకణ్ని లేపారు. వాడు నేల చూశాడు. ఇంకో ఎడమ చెయ్యి. అదీ నేలే చూసింది. మూడోసారి నీలవేణిని లేపారు.

"యువర్ ఫాదర్ క్యాచెస్ ఫిష్."

"డజంట్ హీ?" అంది నీలవేణి, టపీమని.

ఆయన ముచ్చటపడ్డారు. "బాగా చెప్పావే! మరి ఈ ఎడమ చేతుల వాళ్లెవరికీ రావడం లేదేం?"

"నాది పుర్రసెయ్యండి, మరిసిపోయి ఎత్తేసినాను," అంది. "తెలిసినోలు కుడి సెయ్యి, తెలీనోలు ఎడం సెయ్యి ఎత్తమన్నారండి టీచరమ్మ."

ఎవరినీ పట్టివ్వాలని అనలేదు. అడిగితే చెప్పింది, అంతే. ఆయన నావైపు తిరిగారు. "ఏం మేడం?"

అవునండీ, భయపడి చేశాను, అని ఉంటే ఏమయ్యేది? నాలుగు చీవాట్లు, మహా అయితే ఒక మెమో. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఉద్యోగం పోయి, బ్యాగు పట్టుకుని ఇంటికెళితే గుమ్మంలో మా చుట్టాల మొహాలు ఎలా ఉంటాయో అదే కనబడింది. పిల్లల వైపు తిరిగాను. నవ్వాను కూడా.

"నేనలా చెప్పలేదు కదర్రా?"

"లేదండీ!" క్లాసంతా ఒక్క గొంతుతో అంది.

అనక ఏం చేస్తారు? ముందు సగం నేననడం, మిగతాది వాళ్లు అందుకోవడం, వారమంతా వాళ్ల చేత చేయించింది అదేగా. అబద్ధం నేనొక్కదాన్నే ఆడలేదు. పసిపిల్లలందరి చేతా ఆడించాను. నీలవేణి పక్కనున్న తన నేస్తం మొహంలోకి చూసింది, అది కూడా "లేదండీ" అన్నందుకు. తరవాత నన్ను చూసింది. అక్కడితో ఆపినా బాగుండేది. నేను ఆగలేదు. "ఈ పిల్లకి కాస్త అబద్ధాలాడే అలవాటుందండీ," అన్నాను. ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఎందుకన్నాను? ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. ఆయన ఇంకా అనుమానంగా చూస్తున్నారనిపించింది, అంతకన్నా పెద్ద కారణం దొరకలేదు.

మర్నాడు హెడ్మాస్టరు గారు తల్లిని పిలిపించారు. ఆవిడ గంప వరండాలో దించి, సంగతి విని, "ఓలమ్మో, సదువు సెప్పే తల్లి మీద అబద్దం సెప్తావేటే!" అంటూ అందరి ముందూ కూతురి వీపు మీద బాదింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని, పోనీలేమ్మా, చిన్నపిల్ల, అన్నాను. నాది చల్లని మనసని ఆవిడ నాకు దండం పెట్టింది. నేను ఆ దండం తీసుకున్నాను. సిగ్గులేని దాన్ని.

ఆ తరవాత నీలవేణి నా క్లాసులో మళ్లీ చెయ్యెత్తలేదు. కుడిదీ ఎత్తలేదు, ఎడమదీ ఎత్తలేదు. పదిలోకి వచ్చాక బడి మానేసింది. ఆ ఏడు వేట సరిగ్గా సాగలేదని, తల్లికి మోకాళ్లు పోయాయని, గంప ఈ పిల్ల ఎత్తుకుందని అన్నారు. నిజమే అయ్యుంటుంది. కానీ ఆ సాకు పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతాను?

బదిలీల మీద ఊళ్లు తిరిగాను, పాతపట్నం దాకా వెళ్లాను. రెండేళ్ల కిందట మళ్లీ ఆ స్కూలుకే వేశారు. మొన్న మీటింగుకి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి వాళ్లమ్మని తీసుకొచ్చింది. హాజరు కాగితం మీద సంతకం పెట్టమంటే ఆవిడ పెన్ను ఎడమ చేత్తో అందుకుంది. అప్పుడు గుర్తుపట్టాను.

"బాగున్నారా టీచరమ్మా," అంది. తలూపాను. కూతురి వైపు తిరిగి, "ఒసే, టీచరమ్మ ఏటి సెప్తే అదే నిజిం. ఎదురు సెప్పకు," అంది.

మాటతో పొడిచిందా? లేక బిడ్డకి నిజంగానే బుద్ధి చెప్పుకుందా? ఆ మొహంలో ఏమీ దొరకలేదు. పొడిచి ఉంటే బాగుండునని రోజూ కోరుకుంటున్నాను. ఆవిడ కూతురు నా క్లాసులో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఏడాదంతా మందకొడి అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, ఆ చేతుల్ని ఒళ్లో పెట్టించింది నేనే. ఇంత తెలిసీ ఆ తల్లితో ఏమన్నాను? సరేనమ్మా, అన్నాను.

వాళ్లింటికి వెళతానో లేదో నాకు తెలియదు. వెళ్లినా గుమ్మంలో నోరు పెగులుతుందని నమ్మకం లేదు. ఆరోజు "లేదండీ" అన్న పిల్లలు ఇప్పుడు ఆటోలు నడుపుతున్నారు, దుకాణాలు నడుపుతున్నారు, దారిలో ఆగి నమస్కారం పెడుతున్నారు. వాళ్లకీ గుర్తుండి ఉంటుందా? మీ దగ్గర క్షమాపణ అడగను, ఇవ్వాల్సింది మీరు కాదు. మీరు అవునని కూడా అననక్కర్లేదు. ఇన్నాళ్లకి ఒక్క మాట, చివర ఏ తోకా తగిలించకుండా చెబుతాను, ఊపిరాడుతుంది.

కుడి చెయ్యి, ఎడమ చెయ్యి అని చెప్పింది నేనే. ఆ పిల్ల నిజం చెప్పింది.