పెద్దాయన చెవికి అందని పాట

మా ఊరు నేపర్‌విల్‌లో ఎవరింటికి డిన్నర్‌కి వెళ్ళినా మావారు ఈ కథ ఎత్తుకుంటారు. ఒకప్పుడు నేను పనిచేసిన ప్రొఫెసర్ చెవిటివాడని నేను పట్టేశానట, పాపం ఆయన గుండె పగిలిపోయిందట. రెండూ అబద్ధాలే. కార్ వెనక సీట్లో నేను సణిగినా వినిపించుకునే మనిషి చెవిటివాడెలా అవుతాడు? ఇక గుండె సంగతి అంటారా, ఆ పొద్దున అక్కడున్నది నేను. మావారు ఇంట్లో నిద్రపోతున్నారు.

ఎనభైల మొదట్లో, మిన్నెసోటా ఉత్తరాన స్ప్రూస్ చెట్ల అడవుల్లో ఆ ప్రొఫెసర్ ఏటా జూన్‌లో పాడే పిట్టల్ని లెక్కపెట్టేవారు. జువాలజీ ఎమ్మెస్సీ ఉందని నన్ను సమ్మర్ ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆ చీకటి కొమ్మల్లో పిట్ట కనపడదు, లెక్కంతా చెవులతోనే. ఏటా అవే చోట్ల కదలకుండా నిలబడి, వినిపించిన గొంతునల్లా రాసుకోవాలి. పక్కవాళ్ళకి సైగైనా చేయకూడదు. నాలాంటి నోరున్నదానికి అదో శిక్ష.

నారింజ రంగు గొంతున్న ఒక వార్బ్లర్ అంటే ఆయనకి ప్రాణం. పిడికిట్లో పట్టే పిట్ట, పాట సూదిమొనంత సన్నం. కొన్నేళ్ళుగా తగ్గిపోతోందని, ఈసారీ వినపడకపోతే ఈ అడవిలో అది లేదని రాసేయాల్సిందేనని దారంతా దిగులుపడ్డారు. మొదటి చోటే నాకది స్పష్టంగా వినిపించింది. ఆయన పెన్సిల్ కదల్లేదు.

లెక్క అయ్యాక చెప్పాను. కొత్తవాళ్ళకి వినాలనుకున్నదల్లా వినపడుతుందన్నారు. నాకు ఒళ్ళు మండింది. పిట్ట కిందికి దిగేదాకా ఇక్కణ్ణుంచి కదలనన్నాను. దోమలు పీక్కుతింటున్నా ఇద్దరం పంతానికి నిలబడ్డాం. చివరికి అది కింది కొమ్మ మీద వాలి నోరు తెరిచింది. ఆ గొంతు వణకడం ఆయన బైనాక్యులర్స్‌లో చూశారు.

"పాడుతోందా?"

"పాడుతోంది. మీకు వినపడ్డంలేదా?"

"లేదు." బైనాక్యులర్స్ దించి, పెద్దగా నవ్వారు. "చెవి పోతే పోయింది. పిట్ట ఉందిగా."

మావారు చెప్పే పగిలిన గుండె అదీ.

మర్నాటి నుంచి ప్రతి చోటా ఒకరికొకరు వీపు తిప్పుకుని నిలబడి, ఎవరికి వినిపించింది వాళ్ళం రాసుకున్నాం. ఆయన రిటైర్ అయ్యేదాకా అదే పద్ధతి. వయసు మీదపడితే చెవికి ముందు అందకుండా పోయేవి సన్నటి గొంతులే కాబట్టి, వాటి దగ్గర నా లెక్కే ఖాయం చేసేవారు. వార్బ్లర్ ఏటా వచ్చింది, ఒక్కో వేసవి జంటలు జంటలుగా.

అయితే చెవి ఒక్కరోజులో పోదు కదా. నేను చేరకముందు, తగ్గిపోతోందని ఆయన బెంగపడ్డ ఆ ఏళ్ళలో పిట్ట అసలు తగ్గిందా?